పంతొమ్మిదో బిళ్ళ

నల్లగండ్ల,
జూన్ 4.

నర్సింహ గారికి,

మమత రాస్తున్నది. మీ ఫోన్‌కు పదకొండు సార్లు చేశాను. ఎత్తలేదు. అందుకే ఈ రిజిస్టర్ పోస్టు. నల్లగండ్ల నుంచి నార్సింగికి బండి మీద అరగంట దారి, ఉత్తరానికి మాత్రం నాలుగు రోజులు పడుతుందని పోస్టాఫీసులో చెప్పారు. పడనివ్వండి. ఆరేళ్ళు ఆగినదాన్ని, నాలుగు రోజులు ఆగలేనా? పైగా ఫోన్లో అన్న మాట గాలికి పోతుంది. కాగితం మీద రాసింది నిలబడుతుంది. ఇప్పుడు నాకు నిలబడే మాటలే కావాలి.

నిన్న మాదాపూర్‌లో మా ఆఫీసు ముందు సిగ్నల్ దగ్గర, ఆటోలో కూర్చుని ఫోన్ చూస్తుంటే మన ల్యాబు ఓంకార్ సార్ ఫోటో కనిపించింది. పక్కన అల్లుడు అవినాష్. తక్కువ వేగం న్యూట్రాన్లతో బిస్మత్ పరమాణువును పగలగొట్టి చూపించినందుకు సెప్టెంబర్ చివర్లో ఇక్కడే, హైటెక్ సిటీలో ఒక పెద్ద హోటల్లో సన్మానమట. యురేనియం పగులుతుందని లోకానికంతా తెలుసు. దానికన్నా తేలికైన లోహం కూడా ఇంత సులువుగా పగులుతుందని చెప్పిన మొదటి మనిషి ఆయనేనట.

ఆ ప్రయోగం ఎవరిది? బిస్మత్ పూత పూసింది నేను. హోల్డర్లను సూట్‌కేసులో పెట్టుకుని పరాయి దేశంలోని యాక్సిలరేటర్‌కు మోసుకెళ్ళి, పూతకు ఎదురుగా ప్లాస్టిక్ బిళ్ళలు బిగించి, తొమ్మిది రోజులు న్యూట్రాన్ల ముందు నిలబెట్టింది నేను. తిరిగొచ్చాక ఆ ప్లాస్టిక్ బిళ్ళలను కాస్టిక్ సోడాలో ఉడికించింది నేను. పగిలిన పరమాణువు ముక్క ప్లాస్టిక్‌ను గీరిపోయిన చోట చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలను మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటీ లెక్కబెట్టింది మీరు. సరిగ్గా అప్పుడే నాకు కామెర్లొచ్చి నెల రోజులు మంచం పట్టాను. లేచి వచ్చేసరికి పట్టిక తయారుగా ఉంది. అల్లుడి పేరు నా పేరుకు ముందు పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. పరిశోధన పేపర్ అచ్చయ్యేసరికి అసలు నా పేరే లేదు. పీహెచ్‌డీ అక్కడే ఆగిపోయింది. ఇవన్నీ మీరు కళ్ళారా చూశారు.

ఇన్నాళ్ళకు నా ఫిర్యాదును కమిటీ తీసుకుంది. మీ లెక్కల నోటుబుక్కులో ప్రతి బిళ్ళ నంబరూ, మంచం పట్టకముందు నేను రాసిందే, నా చేతిరాతలో ఉంది. ఆ పుస్తకం నాకు పంపండి. ఓంకార్ సార్ ఏ చేత్తో నా పేరు కొట్టేశాడో ఆ చేత్తోనే మళ్ళీ రాయించాలి. అది చూస్తే తప్ప నా కడుపు చల్లబడదు.

మమత


నార్సింగి,
జూన్ 13.

చెల్లె మమతకు,

నర్సింహ దీవెనలు. నీ ఉత్తరం అందింది. పోస్టుమాన్ సంతకం అడిగితే మా ఇంటామె పోచమ్మ భయపడింది. "ఏందయ్యా, కోర్టు కాయిదమా?" అన్నది. కోర్టు కాగితమే నయం, అందులో ఇంత కోపం ఉండదు.

ఉత్తరం కదా అని పుస్తకాల తెలుగులో రాస్తున్నాను. బడిలో మా సారు అట్లనే నేర్పాడు. తప్పులుంటే నవ్వుకో.

"గారు" అని రాశావు. ఎనిమిదేళ్ళు "అన్నా" అని పిలిచి, నా డబ్బాలో పచ్చిపులుసు తిన్నదానివి, ఇప్పుడు గారు అంటే నాకు ఎవరినో పిలిచినట్టే ఉంది.

ఇక్కడ సంగతులు ఏమున్నాయి? మా నాయిన కొమురయ్య జొన్నలు వేసిన చెలకలో ఇప్పుడు నలభై అంతస్తుల టవర్ నిలబడింది. పొద్దున చాయ్ తాగుతూ దాని కిటికీలు లెక్కబెడతాను. ఇరవై రెండేళ్ళు గుంటలు లెక్కబెట్టిన కన్ను ఊరికే ఉండదు.

నోటుబుక్కు సంగతి. అది బీరువాలో ఉంది, తాళం సార్ దగ్గర ఉంది. ఉన్నా నేను పంపను. నా కాంట్రాక్టు కాగితం మీద ఏటేటా సంతకం చేసేది ఆయనే, అది నీకు తెలుసు. అదొక్కటే కారణం కాదు. ఆ పేపర్ మీద పేరు లేదని ఏడుస్తున్నావు. ఒక్కోసారి లేకపోవడం కూడా అదృష్టమే అనుకో తల్లీ. ఇంతకంటే రాయలేను. మంచి ఉద్యోగం ఉంది, నీ పని నువ్వు చూసుకో.

నీ అన్న,
నర్సింహ


నల్లగండ్ల,
జులై 6.

నర్సింహ గారికి,

గారు అనే రాస్తాను. అన్న అయితే చెల్లెలి వైపు నిలబడేవాడు.

"లేకపోవడం అదృష్టం" అట! ఆ మాట ఎవరు రాయమంటే రాశారు? సార్ పక్కన కూర్చుని చెప్పారా? నా అదృష్టం ఎలా ఉందో వినండి. మాదాపూర్‌లో ఏడో అంతస్తులో కూర్చుని ఫ్యాక్టరీ కెమెరాలు తీసిన బొమ్మల్లో మచ్చలు వెతుకుతాను. పెంకు మీద గీత, గాజు మీద గుంట, వాటి చుట్టూ గడి గీయడం నా పని. మా టీమ్ లీడ్ నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్నవాడు. "మమతా, యువర్ ఐ ఈజ్ సూపర్" అంటాడు. ఆ కన్ను ఎక్కడ తయారైందో వాడికి తెలియదు.

మీరు లేకుండానే గెలిచాను. సోడా మరిగించిన రోజుల్లో నేను ఉంచుకున్న వేడి, సమయం చిట్టాల ఫోటోలు నా పాత ఫోన్లో దొరికాయి. యాక్సిలరేటర్ వాళ్ళు నా పేరుతో ఇచ్చిన ప్రవేశపత్రం కూడా ఉంది. కమిటీ ముందు అవి పరిచేసరికి ఓంకార్ సార్ చెమట తుడుచుకుని, "ఇంకా కోపమేనా అమ్మా? పిల్లల పొరపాటు, సరిచేద్దాం" అన్నారు. సన్మానం ముందు గొడవ ఉండకూడదు కదా! జులై 25న సంతకాలు. పేపర్ అచ్చేసిన పత్రిక సవరణ వేస్తుంది. పేపర్‌కు నేను మొదటి రచయితను, ఉత్తరాలు రావలసిన చిరునామా కూడా నాదే.

ఆయన తలవంచి సంతకం పెడుతుంటే ఎదురుగా కూర్చుని చూస్తాను. మీకు పిలుపు లేదు.

మమత


నార్సింగి,
జులై 12.

మమతా,

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. 25 కన్నా ముందే చదువు. సంతకం చేయకు.

దీంతో పాటు రెండు వస్తువులు పెట్టాను. ఒకటి నా నోటుబుక్కులోంచి చింపిన పేజీ. రెండోది పంతొమ్మిదో నంబరు బిళ్ళ. తపాలా బిళ్ళంత ప్లాస్టిక్ ముక్క, పోగొట్టకు. ఆరేళ్ళు బియ్యం డబ్బా అడుగున దాచాను.

నీవు పరాయి దేశం పోయే ముందు దసరా వచ్చింది, గుర్తుందా? ఆయుధపూజ నాడు ల్యాబులో నేను, "గంత దూరం పోయే సామాను, తుడిచి మొక్కకుండ పంపుతమా?" అన్నాను. నువ్వు నవ్వి, "నువ్వే చూసుకో అన్నా, మంచిగ తుడువు" అని ఇంటికి పోయావు. పసుపు కుంకుమలు లోపల పడితే పాడైతుందని పెట్టె మూత మీదే బొట్టు పెట్టాను. నాకు అంత తెలివి ఉంది అనుకున్నాను. హోల్డర్లను మాత్రం మెత్తని తడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచాను. మా ఇంట్లో మొక్కడమైనా, కడగడమైనా పెద్దవాళ్ళతో మొదలు. లోహాల్లో పెద్దది యురేనియం కదా. న్యూట్రాన్లు ఎన్ని వచ్చాయో కొలవడానికి నువ్వు పెట్టిన ఆ యురేనియం హోల్డరును మొదట తుడిచాను. తర్వాత అదే గుడ్డతో బిస్మత్‌వి అన్నీ తుడిచాను. ఏ లోహమూ లేని ఖాళీ హోల్డరును చివర తుడిచాను.

యురేనియం పొడి కంటికి కనబడనంత అంటినా చాలు, తక్కువ వేగం న్యూట్రాన్లకే అది పగులుతుంది. ఆ గుంటలు చూసి మీరు బిస్మత్ పగిలిందన్నారు.

లెక్కబెట్టేటప్పుడు ఏ బిళ్ళ దేనిదో నాకు చెప్పరు కదా, నంబరు ఒక్కటే ఉంటుంది. పంతొమ్మిదిలో ముప్పై ఏడు గుంటలు లెక్క తేలాయి. నువ్వు మంచంలో ఉన్నావు. నంబర్ల జాబితా సార్ విప్పాడు. చూసి మొహం మాడ్చుకుని అల్లుడితో, "పంతొమ్మిది ఖాళీదిరా" అన్నాడు. ఖాళీదానిలో ఒకటో రెండో ఉండాలి. నాకు అప్పుడే గుడ్డ గుర్తొచ్చింది. ఆయన నా వైపు తిరిగి, "ఆ పేజీ చింపెయ్ నర్సింహా. పాడైపోయిన బిళ్ళ అది" అన్నాడు. నీకు చూపించిన పట్టికలో ఖాళీ బిళ్ళకు ఎదురుగా సున్నా వేశాడు. గుడ్డ సంగతి ఆయనకు తెలియదు. ఖాళీది ఖాళీగా లేదని మాత్రం తెలుసు.

గుడ్డ నాది. సున్నా ఆయనది. నేను నోరు మూసుకున్నాను. కాంట్రాక్టు పోతుందని భయం, నీకు మొహం చూపించలేనని భయం. తర్వాత నీ పేరు కొట్టేసినప్పుడు, నిజం చెప్తున్నాను, లోపల కొంచెం సంతోషపడ్డాను. దొంగ ఎత్తుకుపోయింది రోల్డుగోల్డు కదా, మెడలో వేసుకుని ఊరేగనీ, ఒకనాడు నల్లబడుతుంది అనుకున్నాను. ఇప్పుడు నువ్వు పోయి అదే గొలుసు నీ మెడలో వేసుకుంటానంటున్నావు.

వద్దు తల్లీ.

నర్సింహ


నల్లగండ్ల,
ఆగస్టు 9.

అన్నా,

నీ ఉత్తరం జులై 15న అందింది. చదివి మొదట నిన్నే చంపాలనిపించింది. రెండు రోజులు నీ మీద కోపంతో అన్నం తినలేదు. ఆరేళ్ళు! కాకితో కబురు పంపినా సరిపోయేది కదా!

మూడో రోజు మా పక్క ఫ్లాట్ జ్యోతి టీచర్‌ను అడిగి వాళ్ళ స్కూలు మైక్రోస్కోపు ఆదివారానికి తెచ్చుకున్నాను. పంతొమ్మిదో బిళ్ళ పెట్టాను. నువ్వు నేర్పినట్టే పై ఎడమ మూల నుంచి వరుసగా, గీత దాటిన గుంటను పక్క వరుసలో మళ్ళీ లెక్కబెట్టకుండా చూశాను. ముప్పై ఏడు. ఒక్కటి కూడా తేడా లేదు. నీ కన్ను మీద ఒట్టు వేయొచ్చు అన్నా.

తర్వాత 25న వెళ్ళి సంతకం చేశాను.

తిట్టకు, విను. ఓంకార్ సార్ తన పెన్ను తీసి నా చేతికిచ్చారు. "గతం గతః అనుకుందాం అమ్మా" అన్నారు. అవినాష్ నాకు కాజూ బిస్కట్ల ప్లేటు జరిపాడు. నేను రెండు తిన్నాను కూడా. పోయిన గురువారం సవరణ అచ్చయింది. పేపర్ మీద మొదటి పేరు నాది. మా అమ్మకు పంపితే ఫోటో ఫ్రేమ్ కట్టిస్తానంది. ఆమెకు ఏమీ చెప్పలేకపోయాను.

ఇప్పుడు అసలు సంగతి. నేను బయటి మనిషినై ఆ పేజీ చూపిస్తే ఏమవుతుంది? "పేరు దక్కలేదని ఏడుస్తోంది" అంటారు. కమిటీ వేస్తారు, కమిటీలో ఆయన స్నేహితులే ఉంటారు, సన్మానం అయిపోతుంది, శాలువా పాతబడుతుంది. కానీ మొదటి రచయితే లేచి, "ఇది నా పేపర్, ఇది తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను, ఇదిగో దాచిపెట్టిన లెక్క, ఇదిగో దాని బదులు వేసిన సున్నా" అంటే? పత్రిక వినక తప్పదు. ఆ హక్కును ఆయనే తన పెన్నుతో నాకు రాసిచ్చాడు. దొంగకు తేలు కుట్టినట్టు, అరవడానికి కూడా ఉండదు.

నాకు న్యాయం చాలని కమిటీతో అన్నాను. అబద్ధం. ఆయన తల దించుకోవడం నాకు కావాలి, అదీ వందమంది చప్పట్లు కొట్టడానికి చేతులు ఎత్తిన తర్వాత. దానికి నా ఒక్కగానొక్క పేపర్‌ను ఇచ్చుకుంటున్నాను. ఆరేళ్ళు ఏ పేరు కోసం ఏడ్చానో ఆ పేరును నేనే తగలబెడుతున్నాను. చవక బేరం కాదు, అయినా చేస్తాను.

నువ్వు భయపడకు. గుడ్డతో తుడిచింది నేనే అని రాస్తాను. నీ పేరు ఎక్కడా రాదు. పేజీ నాకు ఎలా దొరికిందో అడిగితే నా సామాన్లలో ఉందంటాను. నీ కాంట్రాక్టుకు ఏమీ కాదు.

నీ చెల్లె,
మమత


నార్సింగి,
ఆగస్టు 17.

చెల్లె,

ఇగ పుస్తకాల తెలుగు నాతోని గాదు. కోపమొచ్చినప్పుడు మా సారు నేర్పింది యాదికి రాదు.

నువ్వేంది నా తప్పు నెత్తికెత్తుకునేది? ఎవలడిగిండ్రు నిన్ను? ఓంకార్ సారు నీ పని తనదన్నడు. ఇప్పుడు నువ్వు నా తప్పు నీదంటున్నవ్. ఇద్దరికీ ఏం ఫరకున్నది? ముప్పై ఏడు ఉన్నకాడ సున్నా రాసిండని ఆయన మీద కొట్లాటకు పోతున్నవ్. నర్సింహ తుడిచినకాడ మమత తుడిచిందని రాస్తే అది సున్నా గాదా?

ఇంకొక మాట. ఇది ఎవ్వలకు చెప్పలే, పోచమ్మకు గూడ. ఇరవై రెండేండ్ల సంది లెక్కబెడ్తున్న. ఎన్ని లక్షల గుంటలో ఆ దేవునికే ఎరుక. ఎడమ కన్ను మసకబారింది. పద్నాలుగు పేపర్లు అచ్చయినయి గా ల్యాబులకెల్లి. ఒక్కదాంట్ల నా పేరు లేదు. కింద చిన్నక్షరాలల్ల గూడ లేదు. "గుంటలు లెక్కించబడినవి" అని రాస్తరు. ఎవలు లెక్కబెట్టిండ్రు? దయ్యమా? నువ్వు గూడ నీ మొదటి రాతప్రతిల గట్లనే రాసినవ్. నేను చూసిన. నిన్నేమనలే.

నీ పేరు ఒక్కటి కొట్టేస్తేనే ఆరేండ్లు మండుతున్నవ్. నా పేరు రాసిందే లేదు, కొట్టేయనీకి.

గందుకే చెప్తున్న. నా పేరు రాయి. పెద్దగ రాయకున్నా సరే. తుడిచింది నర్సింహ, లెక్కబెట్టింది నర్సింహ, పేజీ దాచిపెట్టింది నర్సింహ. తప్పు కాడనన్న నా పేరు అచ్చుల పడనీ. కాంట్రాక్టు పోతే పోనీ. ఆయన సంతకం కోసం ఏటేటా మార్చి నెలల చేతులు కట్టుకొని నిలబడుడు నాకు గూడ యాష్టకొచ్చింది. నీ ఒక్కదానికే పగ ఉన్నదనుకున్నవా?

నర్సింహ


నల్లగండ్ల,
సెప్టెంబర్ 29.

అన్నా,

నీ మాట చదివి సిగ్గుతో చచ్చాను. పాత ఫైల్ తీసి చూశాను. "లెక్కించబడినవి" అనే రాశాను. నా చేత్తోనే. ఆరేళ్ళు నాకు అన్యాయం జరిగిందని ఊరంతా చాటాను గానీ, నా పక్క స్టూలు మీద కూర్చున్న మనిషికి నేనేం చేశానో ఒక్కనాడు ఆలోచించలేదు.

పత్రిక 24న ప్రకటన వేసింది. ప్రింటు తీసి ఇందులో పెట్టాను. నీకు అర్థమయ్యేట్టు తెలుగులో కింద రాస్తున్నాను:

"ఈ పేపర్‌ను మొదటి రచయిత కోరిక మీద ఉపసంహరిస్తున్నాము. ప్రయోగానికి ముందు హోల్డర్లను ఒకే గుడ్డతో శుభ్రం చేయడం వల్ల యురేనియం జాడలు బిస్మత్‌కు అంటాయి. ఖాళీ హోల్డరు బిళ్ళ మీద 37 గుంటలు ఉండగా, అచ్చయిన పట్టికలో సున్నా చూపబడింది. ఆ పట్టికను తయారుచేసిన ఇద్దరు రచయితలు దీనికి వివరణ ఇవ్వలేదు. హోల్డర్లను శుభ్రం చేసినవారు, బిళ్ళలన్నిటినీ లెక్కించినవారు, మూల లెక్కను భద్రపరచినవారు: నర్సింహ, నార్సింగి, హైదరాబాద్."

ఆ రోజు మధ్యాహ్నం ఓంకార్ సార్ ఫోన్ చేశారు. అరుస్తారనుకున్నాను. గొంతు మెత్తగా ఉంది. "నీ కాలు నువ్వే నరుక్కున్నావు కదమ్మా" అన్నారు. "అవును సార్. రెండో కాలు మీది" అన్నాను. పెట్టేశారు.

నిన్న సన్మానం రోజు. ఉండదని తెలుసు, అయినా సాయంత్రం నాలుగింటికి ఆఫీసు నుంచి ఆ హోటలుకు నడిచి వెళ్ళాను. లాబీలో ఇద్దరు కుర్చీల మీద ఎక్కి ఆయన బ్యానరు విప్పుతున్నారు. మొహం మధ్యకు మడతపెట్టి, చుట్టచుట్టి పక్కన పెట్టారు. కాఫీ తెప్పించుకుని అదంతా అయ్యేదాకా కూర్చున్నాను. చాలా బాగుంది అన్నా, దాచుకోవడం ఎందుకు. ఆరేళ్ళలో ఏ కాఫీ అంత రుచిగా లేదు. ఆటో ఎక్కాక మాత్రం ఏడుపొచ్చింది. నా పేరు మీద పేపర్ ఇప్పుడు ఒక్కటీ లేదు కదా.

మా ఆఫీసులో మచ్చలు వెతికే కళ్ళు కావాలి. నీ సంగతి చెప్పి ఉంచాను. ఎడమ కన్ను సంగతి చెప్పలేదు.

మమత


నార్సింగి,
అక్టోబర్ 5.

చెల్లె మమతకు,

కోపం దిగింది, అందుకే మళ్ళీ బడి తెలుగు. అచ్చు కాగితం అందింది. పోచమ్మకు చదివి వినిపించాను. "తప్పు చేసినవ్ అని అచ్చేస్తే గింత సంబురమా నీకు?" అన్నది. అన్నదే గానీ, దాన్ని మడతపెట్టి ఆధార్ కార్డులున్న కవర్లో పెట్టింది.

కాంట్రాక్టు నెలాఖరుకు తీసేశారు. చివరి రోజు నా స్టూలు, నా మైక్రోస్కోపు అద్దాలు తుడిచి అప్పజెప్పాను. అప్పటికి దసరా రెండు రోజుల్లో ఉంది కదా, పోయేముందు పాత పంచె ఒకటి చింపి, హోల్డరుకు ఒకటి చొప్పున గుడ్డముక్కలు కట్టి వచ్చాను. నా తర్వాత వచ్చేవాడు తుడిచినా కలవవు. మీ ఆఫీసుకు సోమవారం వస్తాను. కన్ను సంగతి నేనే చెప్తాను. దాచిపెట్టడం ఇక చాలు.

ఒక ముచ్చట నీకోసమే ఆపి ఉంచాను. ఆ చివరి రోజు ఓంకార్ సార్ నా గదికి వచ్చాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన నా గదికి రావడం అది మూడోసారో నాలుగోసారో. మనిషి సగమయ్యాడు. విచారణ పూర్తయ్యేదాకా ల్యాబు తాళాలు కూడా ఆయన దగ్గర ఉండవట. నిలబడే అడిగాడు.

"ఆ పేజీ చింపెయ్యమని నీకు చెప్పానా లేదా నర్సింహా?"

"చెప్పిండ్రు సార్. చింపిన," అన్నాను. "పారేయమని మీరు చెప్పలే."

ఇట్లు,
నర్సింహ,
లెక్కించినవాడు.